డుబ్యూక్ (అయోవా) - చూడదగిన ప్రదేశాలు

డుబ్యూక్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది పడమటి ఒడ్డున ఉన్న ఒక చిన్న నగరం. 2020 జనగణన ప్రకారం జనాభా 59,667. నదికి ఆవలి ఒడ్డున ఇల్లినాయ్, విస్కాన్సిన్ రాష్ట్రాల సరిహద్దు ఉన్నది. అనగా మూడు రాష్ట్రాలు కలిసే చోట ఈ నగరం వెలసింది. ఊరిపేరును స్థానికులు మొదటి అక్షరాన్ని తేల్చి, రెండవ అక్షరాన్ని ఒత్తి పలుకుతారు.

అమెరికాలో మిడ్‌వెస్ట్ అని పిలిచే ప్రాంతంలో ఇటువంటి చిన్న నగరాలు అనేకం ఉన్నాయి. వాటిలో చాలావాటికి చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప చెప్పుకోదగిన విశేషం కనిపించదు. డుబ్యూక్ అట్లా కాదు. ఇక్కడ ఒక కుటుంబం రెండు రోజులు తీరికగా తిరిగి చూడగలిగినన్ని ప్రదేశాలు ఉన్నాయి. అయితే వీటిలో అధిక భాగం యాత్రికుల కోసం కట్టినవి కావు. సీసపు గని, తుపాకి గుండ్లు పోసిన గోపురం, ఒక బ్యాంకరు ఇంటికి భోజనానికి వెళ్ళడానికి వేయించుకున్న కొండ రైలు, పడవలు దాటే లాకు, పూడిక తీసే ఓడ - ఇవన్నీ ఒకప్పటి పనిస్థలాలు, పనిముట్లు. పని ఆగిపోయిన తరువాత కొన్ని, పని నడుస్తుండగానే కొన్ని, విహారస్థలాలయ్యాయి. ఈ సంగతి తెలిసి చూస్తే ఊరు బాగా అర్థమవుతుంది.

నైసర్గిక స్వరూపం

అయోవా అనగానే సమతలమైన నేల మనసుకు వస్తుంది. డుబ్యూక్ మాత్రం కొండల మీద, కొండల కింద ఉన్న ఊరు. గడచిన హిమయుగాలలో ఉత్తరం నుండి దిగివచ్చిన మంచు పలకలు అయోవాలో ఎక్కువ భాగాన్ని చదును చేశాయి. అయితే విస్కాన్సిన్ నైరుతి భాగం, దాని చుట్టుపక్కల కొంత నేల ఆ రాపిడికి లోనుకాలేదు. హిమానీనదాలు వదలిపోయే మట్టీ రాళ్ళూ లేనందున ఈ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం అంటారు. డుబ్యూక్ దీని అంచున ఉన్నది. నది కోసిన సున్నపురాతి జాతి గుట్టలు ఒడ్డున నిట్టనిలువుగా లేచి ఉంటాయి. వాటిని ఇక్కడివారు బ్లఫ్‌లు అంటారు. వ్యాపార వీధులు గుట్టల అడుగున నది పక్కన, నివాసగృహాలు గుట్టల పైన ఏర్పడ్డాయి. ఈ ఎత్తుపల్లాల వలననే కొండ రైలు పుట్టింది. ఈ రాళ్ళ పగుళ్ళలో దొరికిన సీసపు ఖనిజం వలననే ఊరు పుట్టింది.

సీసపు గనులు

యూరోపియన్లు రాకముందు ఈ నేల మెస్క్వాకీ అనే ఆదివాసీ జాతి వారిది. క్యాట్‌ఫిష్ వాగు మిసిసిపీలో కలిసే చోట వారి గ్రామం ఉండేది. వారు సీసం తవ్వి, కరిగించి, వర్తకులకు అమ్మేవారు. గని పని ఎక్కువగా స్త్రీలే చేసేవారని ఆనాటి వ్రాతల వలన తెలుస్తుంది. కెనడాలోని క్యుబెక్ ప్రాంతంలో 1762లో పుట్టిన జూలియన్ డుబ్యూక్ అనే ఫ్రెంచి సంతతి వర్తకుడు ఇక్కడికి వచ్చి, 1788లో సీసం తవ్వుకొనడానికి మెస్క్వాకీల నుండి అనుమతి పొందాడు. అప్పట్లో మిసిసిపీకి పడమటనున్న భూభాగం స్పెయిన్ పాలనలో ఉండేది. 1796లో అతడు స్పెయిన్ గవర్నరు వద్ద పట్టా సంపాదించి, గనులకు మైన్స్ ఆఫ్ స్పెయిన్ అని పేరు పెట్టాడు. అంటే స్పెయిన్ గనులు. పాలకులను మంచి చేసుకొనే ఉద్దేశం ఆ పేరులోనే కనిపిస్తుంది. 1810లో డుబ్యూక్ అప్పులతో మరణించాడు. మెస్క్వాకీలు తమ గనులను తామే తవ్వుకోసాగారు.

1830లో తెల్లవారైన గని పనివారు కొందరు నది దాటి వచ్చి తవ్వకం ప్రారంభించగా, ఒప్పందానికి విరుద్ధమని అమెరికా సైన్యమే వారిని వెనుకకు పంపివేసింది. కాని 1832లో జరిగిన బ్లాక్ హాక్ యుద్ధం తరువాత, ఓడిన సాక్ తెగతో పాటు మెస్క్వాకీలు కూడా పడమటి ఒడ్డున విశాలమైన భూమిని వదులుకోవలసి వచ్చింది. 1833 జూన్ 1 నుండి ఆ భూమిలో వలసదారులు స్థిరపడవచ్చునని ప్రకటించారు. గని పనివారు వెల్లువగా వచ్చారు. 1837లో డుబ్యూక్ పట్టణంగా ఏర్పడింది. అయోవా రాష్ట్రంగా ఏర్పడినది ఆ తరువాత, 1846లో.

ఇక్కడ న్యాయశాస్త్ర విద్యార్థులకు పనికివచ్చే ఒక సంగతి ఉన్నది. డుబ్యూక్ బ్రతికి ఉండగానే తన పట్టాలో కొంత భాగాన్ని సెయింట్ లూయిస్ వర్తకుడు ఆగస్ట్ షూటోకు అమ్మాడు. షూటో వారసులు ఊరు మొత్తం తమదేనని వ్యాజ్యం వేశారు. అది అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. మెస్క్వాకీలు డుబ్యూక్‌కు ఇచ్చినది తవ్వుకొనే అనుమతి మాత్రమేననీ, భూమి మీద హక్కు కాదనీ 1850వ దశకంలో కోర్టు తీర్పు చెప్పింది. దానితో ఊరివారి ఇళ్ళూ స్థలాలూ వారికే నిలిచాయి. మెస్క్వాకీలు భూమిని అమ్మలేదని తేలిన తీర్పు వలన లాభపడినది మెస్క్వాకీలు కాదు. వారిని అప్పటికే కాన్సస్‌కు పంపివేశారు. అయినా వారు పూర్తిగా వెళ్ళిపోలేదు. 1857లో అయోవా మధ్యభాగంలోని టామా కౌంటీలో 80 ఎకరాలు సొంత డబ్బుతో కొనుక్కొన్నారు. ఆ స్థలం నేడు 8,000 ఎకరాలకు మించి విస్తరించింది. ప్రభుత్వం కేటాయించినది కాక తాము కొనుక్కొన్న నేల కాబట్టి దానిని వారు రిజర్వేషన్ అనరు, సెటిల్‌మెంట్ అంటారు.

ఆ పాత గనుల ప్రదేశమే నేటి మైన్స్ ఆఫ్ స్పెయిన్ విహారస్థలం. నగరానికి దక్షిణపు కొసన సుమారు 1,400 ఎకరాలలో ఉన్న ఈ అడవిని రాష్ట్ర ప్రభుత్వం 1980లో తీసుకొన్నది. జాతీయ చారిత్రక స్థలంగా 1993లో గుర్తించారు. అడవిలో నడకదారుల పక్కన అక్కడక్కడ చిన్న గుంటలు కనిపిస్తాయి. పైపైన చూసేవారికి అవి ఏదో జంతువు తవ్విన గోతులనిపిస్తాయి. నిజానికి అవి సీసం తవ్విన గోతులు. హార్స్‌షూ బ్లఫ్ అనే చోట, ఒకప్పటి రాతి క్వారీ లోపలికి నడచివెళ్ళి రాతి పొరలను దగ్గరగా చూడవచ్చును. భూగర్భశాస్త్రం చదివే పిల్లలకు ఇది మంచి పాఠం. ప్రవేశద్వారం దగ్గర లయన్స్ కేంద్రం అనే చిన్న ప్రదర్శనశాల ఉన్నది. ముందుగా అక్కడికి వెళ్ళి తరువాత అడవిలోకి వెళ్ళడం మంచిది.

క్యాట్‌ఫిష్ వాగు సంగమం పైన గుట్ట కొసన, జూలియన్ డుబ్యూక్ సమాధి మీద 1897లో కట్టిన గుండ్రని రాతి బురుజు ఉన్నది. అక్కడి నుండి నది వంపు, ఊరు, కింద రైలు వంతెన కనిపిస్తాయి. ఊరిలో ఎక్కువ మంది ఫొటోలు తీసుకొనే స్థలాలలో ఇది ఒకటి. బురుజు డుబ్యూక్‌కు ఉన్నది. కింద వాగు ఒడ్డున ఉండిన గ్రామానికి అంత పెద్ద గుర్తు ఏదీ లేదు. వెళ్ళినవారు పిల్లలకు ఆ గ్రామం ఉన్న దిక్కు కూడా చూపించాలి.

షాట్ టవర్

నది ఒడ్డున 120 అడుగుల ఎత్తున నిలిచిన నలుచదరపు గోపురమే షాట్ టవర్. 1856లో కట్టారు. అడుగు భాగం రాతితోనూ, పై భాగం ఇటుకతోనూ ఉంటుంది. ఇది తుపాకి రవ్వలు, అనగా చిన్న సీసపు గుండ్లు చేసే కర్మాగారం. చేసే విధానం తెలుసుకొనదగినది. సీసాన్ని గోపురం పైకి చేర్చి, కరిగించి, చిల్లుల పళ్ళెం గుండా కిందికి వదిలేవారు. వర్షపు చినుకు వలె కరిగిన సీసపు బొట్టు కూడా పడేటప్పుడు తలతన్యత వలన గుండ్రబడుతుంది. అడుగున ఉన్న నీటి తొట్టిలో పడేసరికి చల్లారి గట్టిపడుతుంది. గుండు ఎంత పెద్దది కావాలంటే గోపురం అంత ఎత్తు ఉండాలి. పనికి కావలసినది ఎత్తు మాత్రమే, యంత్రమేదీ లేదు.

ఈ కర్మాగారం ఎక్కువ కాలం నడవలేదు. తరువాత ఆ గోపురాన్ని కలప అడితి వారు మంటల కాపలాకు వాడుకున్నారు. 1911లో ఆ అడితికే నిప్పంటుకొని, గోపురం లోపలి చెక్కపని అంతా కాలిపోయింది. గోడలు మాత్రం నిలిచాయి. అమెరికాలో ఇటువంటి గోపురాలు మిగిలినవి చాలా తక్కువ. చూడడానికి అయిదు నిమిషాలు చాలు, నది వెంట నడకదారిలో వెళుతూ చూడవచ్చును.

ఫెనెలన్ ప్లేస్ ఎలివేటర్

ఊరిలో పిల్లలు ఎక్కువగా ఇష్టపడేది ఇదే. దీనిని నాలుగవ వీధి ఎలివేటర్ అని కూడా అంటారు. పేరుకు ఎలివేటర్ అయినా ఇది లిఫ్టు కాదు, గుట్ట వాలు మీద పట్టాలపై తాడుతో లాగే చిన్న రైలు. పట్టాల పొడవు 296 అడుగులు, ఎక్కే ఎత్తు 189 అడుగులు. త్రికోణమితి నేర్చుకున్న విద్యార్థులు లెక్క కట్టి చూస్తే వాలు ఇంచుమించు 40 డిగ్రీలు అని తేలుతుంది.

దీని కథ సరదాగా ఉంటుంది. జె. కె. గ్రేవ్స్ అనే బ్యాంకరు ఇల్లు గుట్ట పైన, బ్యాంకు గుట్ట కింద. దూరం రెండున్నర వీధులే అయినా గుట్ట చుట్టి బగ్గీలో వెళ్ళడానికి అరగంట పట్టేది. ఆ రోజుల్లో మధ్యాహ్నం గంటన్నర విరామం ఇచ్చేవారు. పోవడానికి అరగంట, రావడానికి అరగంట, భోజనానికి అరగంట పోగా ఆయనకు కునుకు తీసే సమయం మిగిలేది కాదు. యూరప్‌లో కొండ రైళ్ళను చూసి ఉన్న గ్రేవ్స్ నగర సభ అనుమతి తీసుకొని, 1882 జులైలో సొంతంగా ఒక రైలు వేయించుకొన్నాడు. తోటమాలి దానిని నడిపేవాడు.

1884లో రాత్రి ఆర్పకుండా ఉంచిన పొయ్యి రాజుకొని అది కాలిపోయింది. తిరిగి కట్టినప్పుడు, ఇరుగుపొరుగువారు ఎక్కించుకొమ్మని అడుగుతుండేవారన్న సంగతి గ్రేవ్స్‌కు గుర్తువచ్చి, మనిషికి అయిదు సెంట్లు తీసుకొని అందరినీ అనుమతించాడు. 1893లో మరల కాలింది. అది ఆర్థిక మాంద్యపు సంవత్సరం. గ్రేవ్స్ వద్ద తిరిగి కట్టడానికి డబ్బు లేదు. అప్పటికి గుట్ట పైవారికి పనికి, బడికి, చర్చికి, అంగడికి వెళ్ళడానికి అదే దారి అయిపోయింది. పొరుగువారు పదిమంది కలిసి ఒక కంపెనీ పెట్టుకొన్నారు. అదే సంవత్సరం షికాగోలో జరుగుతున్న ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళి, అక్కడ చూసిన కొత్త విషయాలు తెచ్చారు. ట్రాము మోటారు, ఉక్కు తాడు, మనుషులను ఒక్కొక్కరిగా పంపే తిరుగుడు గేటు అట్లా వచ్చినవే.

అంతకుముందు ఒకే పెట్టె ఉండేది. వీరు రెండు పెట్టెలు ఏర్పాటు చేశారు. గిలక బావిలో ఒక చేద దిగుతుంటే రెండవ చేద పైకి వచ్చినట్లు, ఒక పెట్టె దిగే బరువు రెండవదానిని ఎక్కించడానికి సాయపడుతుంది. మోటారు మీద భారం తగ్గుతుంది. రెండు జతల పట్టాలకు చోటు లేనందున మూడు పట్టాలే వేసి, మధ్య పట్టాను ఇద్దరికీ ఉమ్మడి చేశారు. సరిగ్గా నడిమధ్యన మాత్రం పట్టాలు విడిపోయి రెండు పెట్టెలు ఒకదానినొకటి దాటుకొంటాయి. ఈ ఏర్పాటు నేటికీ ఉన్నది. 1962లో మరొకసారి నిప్పంటుకొన్నది. 1977లో పెట్టెలను పూర్తిగా కొత్తగా చేసి, మోటారును కూడా మార్చారు. 1978లో జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు.

ప్రపంచంలో అతి పొట్టి, అతి నిటారు రైలు అని నిర్వాహకులు వ్రాసుకొంటారు. బ్రిటన్ సముద్రతీరంలో ఇంతకంటే పొట్టి కొండ రైళ్ళు ఉన్నాయి కనుక ఆ మాటను కొంత తగ్గించి తీసుకోవాలి. ఊరి పేరు పొట్టి రైలు మీద ఆధారపడి లేదు. కింద ఎక్కేవారు బెంచీ మీద కూర్చొని తాడు లాగితే పైన గంట మోగుతుంది, నడిపే మనిషి పైన గదిలో ఉంటాడు. రుసుము పైన చెల్లించాలి. పైనుండి మూడు రాష్ట్రాలు కనిపిస్తాయి. ఏప్రిల్ నుండి నవంబరు వరకు మాత్రమే నడుస్తుంది.

ఈగిల్ పాయింట్ పార్కు, పదకొండవ లాకు

నగరానికి ఉత్తరాన గుట్ట పైన 164 ఎకరాలలో ఈగిల్ పాయింట్ పార్కు ఉన్నది. కుటుంబాలు ఉదయం వచ్చి చీకటి పడేవరకు గడిపే స్థలం ఇది. ఇక్కడి రాతి మండపాలు, మెట్లు, అరుగులు ప్రత్యేకమైనవి. 1930లలో మహామాంద్యం కాలంలో, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద వీటిని కట్టారు. 1934లో పార్కు పర్యవేక్షకునిగా వచ్చిన ఆల్ఫ్రెడ్ కాల్డ్‌వెల్ రూపకల్పన చేశాడు. ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ప్రభావం ఈయన మీద ఉన్నది. స్థానికంగా దొరికే రాతిని పొరలు పొరలుగా అడ్డంగా పేర్చినందున కట్టడాలు గుట్టలోనుండి పుట్టుకొచ్చినట్లు కనిపిస్తాయి. 1936లో నగర పాలకులు ఆయనను ఉద్యోగం నుండి తొలగించారు. అటుపిమ్మట ఆయన షికాగోలో లింకన్ పార్కు కలువ కొలనుకు రూపకల్పన చేసి పేరు పొందాడు. ఆయనను వదులుకొన్న ఊరే నేడు ఆయన కట్టడాలను గర్వంగా చూపుతున్నది.

పార్కు అంచున నిలబడితే కింద పదకొండవ నంబరు ఆనకట్ట, లాకు స్పష్టంగా కనిపిస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల వారికి లాకు అనే మాట కొత్తది కాదు. కాలువల మీద పడవలు ఒక మట్టం నుండి మరొక మట్టానికి దిగే కట్టడం అదే. ఇక్కడిది అదే సూత్రం, పరిమాణం మాత్రం చాలా పెద్దది. 1937లో వాడుకలోకి వచ్చిన ఈ లాకు 600 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు ఉంటుంది. ఎగువ, దిగువ నీటి మట్టాల భేదం 11 అడుగులు. నీటిని ఎక్కించడానికి పంపులు లేవు. తలుపులు మూసి, అడుగున తూములు తెరిస్తే ఎగువ నీరు తనంతట తానే వచ్చి నిండుతుంది, దిగువకు తెరిస్తే ఖాళీ అవుతుంది. నదిలో పడవలకు ఎప్పుడూ కనీసం తొమ్మిది అడుగుల లోతు ఉండాలన్న లక్ష్యంతో ఎగువ మిసిసిపీ మీద వరుసగా కట్టిన లాకులలో ఇది ఒకటి.

పిల్లలతో వెళ్ళినవారు ఒక బార్జీల వరుస వచ్చేవరకు ఓపికపట్టాలి. ఒక్కొక్క బార్జీ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. మూడు పక్కపక్కన, అయిదు వరుసలుగా పదిహేను బార్జీలను కట్టి ఒకే పడవ వెనుక నుండి నెట్టుకొని వస్తుంది. మూడింటి వెడల్పు 105 అడుగులు, కాబట్టి 110 అడుగుల లాకులో అటూ ఇటూ కలిపి అయిదు అడుగులే మిగులుతుంది. పొడవు 975 అడుగులు కాబట్టి ఒకేసారి పట్టదు. ముందు తొమ్మిది బార్జీలను విడదీసి దాటించి, తరువాత మిగిలిన ఆరింటితో పడవ దాటి, అవతల మరల అన్నింటినీ కట్టుకొని పోవాలి. ఇదంతా గంటకు మించి పడుతుంది. ఒక్కొక్క బార్జీలో సుమారు 1,500 టన్నుల సరుకు పడుతుంది. అయోవా మొక్కజొన్న, సోయా గింజలు ఈ దారినే దక్షిణ సముద్రానికి వెళతాయి. అంత బరువును చేతులతో తాళ్ళు విసిరి కట్టే మనుషుల నేర్పు పైనుండి చూస్తేనే తెలుస్తుంది.

శీతకాలంలో నది గడ్డకట్టి పడవలు ఆగిపోతాయి. అయితే ఆనకట్ట కింద నీరు కదులుతూ ఉండడం వలన గడ్డకట్టదు. చేపల కోసం తెల్లతల గద్దలు అక్కడ చేరతాయి. ఇది అమెరికా జాతీయ చిహ్నమైన పక్షి. జనవరిలో చలికి తట్టుకోగలిగితే, చెట్ల మీద డజన్ల కొద్దీ గద్దలను చూడవచ్చును.

నదీతీరం, మ్యూజియం

నది ఊరికి అన్నం పెట్టింది, ముంచింది కూడా. 1965 ఏప్రిల్‌లో వరద 26.81 అడుగుల మట్టానికి చేరింది. నేటికీ అదే ఇక్కడి రికార్డు. ఆ తరువాత కట్టిన వరద గోడ 1973లో పూర్తయింది. 2001లో పెద్ద వరద వచ్చినప్పుడు ఆ గోడ ఊరిని కాపాడింది. ఇప్పుడు దాని వెంట నడకదారి వేశారు. సాయంత్రం వేళ స్థానికులు షికారు చేసేది ఇక్కడే. వరద కట్ట మీద నడుస్తున్నామన్న ఊహ కొత్తవారికి రాదు.

ఊరి మరొక వరద 1980లలో వచ్చింది, అది నీటి వరద కాదు. ట్రాక్టర్ల కర్మాగారంలో పనులు తగ్గి, మాంసం శుద్ధిచేసే కర్మాగారం మూతబడే స్థితికి రావడంతో, 1982 జనవరిలో డుబ్యూక్‌లో నిరుద్యోగం 23 శాతానికి చేరింది. ఆనాడు దేశంలోకెల్లా అదే ఎక్కువ. బ్రతుకుతెరువు కోసం ఊరు రకరకాలుగా ప్రయత్నించింది. 1985లో కుక్కల పందేల మైదానం తెరిచారు, అది 2022లో మూతపడింది. 1991 ఏప్రిల్ 1న అయోవా చట్టం అనుమతించిన మొదటి జూదపు పడవలలో ఒకటి ఇక్కడి రేవు నుండి బయలుదేరింది. జూదం ఊరికి డబ్బు తెచ్చినా కుటుంబాలతో వెళ్ళేవారికి దానితో పని లేదు. వీరికి పనికివచ్చినది 2003లో తెరిచిన జాతీయ మిసిసిపీ నదీ మ్యూజియం, అక్వేరియం.

పాత రేవు స్థలంలో దీనిని కట్టారు. కౌంటీ చారిత్రక సంఘం నడుపుతున్నది. పెద్ద గాజు తొట్లలో నదిలోని చేపలను వాటి వాటి ఆవాసాలలో చూపిస్తారు. తెడ్డు వంటి ముక్కు ఉన్న ప్యాడిల్ చేప, స్టర్జన్, మనిషంత క్యాట్‌ఫిష్, దక్షిణపు బురదలలోని మొసలి ఉంటాయి. నీటికుక్కల దగ్గర పిల్లలను కదిలించడం కష్టం. 2010లో నదుల గురించి రెండవ భవనం తెరిచారు. అంతా చూడడానికి నాలుగు గంటలు కేటాయించుకోవాలి. ప్రవేశ రుసుము ఊరిలో మిగిలిన చోట్లకంటే ఎక్కువ.

మ్యూజియం పక్కనున్న చిన్న రేవును ఐస్ హార్బర్ అంటారు. శీతకాలపు మంచు పలకలు పడవలను నలిపివేయకుండా దాచడానికి తవ్విన రేవు ఇది. ఇక్కడి ఇనుప కార్ఖానాలో 1894లో నౌకాదళానికి ఎరిక్‌సన్ అనే టార్పీడో పడవ జలప్రవేశం చేసింది. సముద్రానికి వెయ్యి మైళ్ళు దూరాన యుద్ధనౌక కట్టడం వింత గొలుపుతుంది. బార్జీలను నెట్టే ఆవిరి పడవలలో అతి పెద్దదిగా పేరొందిన స్ప్రేగ్‌ను కూడా 1901లో ఇక్కడే కట్టారు.

రేవులో విలియం ఎం. బ్లాక్ అనే ఓడ కట్టి ఉంటుంది. 1934లో కట్టిన ఈ ఆవిరి ఓడ పని నది అడుగున ఇసుకను పీల్చి పక్కకు పోయడం. రెండు పక్కలా పెద్ద తెడ్డు చక్రాలు ఉంటాయి. 1973లో పని మానింది, తరువాత జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. ఓడ తెరచి ఉన్నప్పుడు బాయిలర్ గది, ఇంజన్లు, పనివారి పడకలు చూడనిస్తారు. లోపల మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులు ఉన్న పెద్దలు పై అంతస్తుతో సరిపెట్టుకోవడం మేలు.

ఇతర ప్రదేశాలు

బీ బ్రాంచ్ అనే వాగును నూరేళ్ళ క్రితం భూమిలోపల మురుగు కాలువగా పూడ్చివేశారు. పెద్ద వాన కురిసినప్పుడల్లా పాత బస్తీలోని ఇళ్ళు మునిగేవి. 1999 నుండి 2011 వరకు ఆరుసార్లు విపత్తుగా ప్రకటించవలసి వచ్చింది. చివరకు కొన్ని ఇళ్ళు తొలగించి, వాగును మరల ఆకాశం కిందికి తెచ్చారు. ఎగువ భాగం 2017లో పూర్తయింది. ఒడ్డున గడ్డి, నడకదారి, పిల్లల ఆటస్థలం ఉన్నాయి. యాత్రికుల పుస్తకాలలో దీనికి స్థానం తక్కువ. కాని వాగును పూడ్చి ఇళ్ళు కట్టుకొన్న ఊళ్ళవారు ఎవరైనా చూడవలసినది ఇది.

డుబ్యూక్ వృక్షోద్యానం 52 ఎకరాలలో ఉన్నది. 1980లో మొదలుపెట్టిన నాటి నుండి స్వచ్ఛందంగా పనిచేసేవారే దీనిని పెంచుతున్నారు. గులాబీలు, హోస్టా మొక్కల సేకరణ ప్రసిద్ధం. ప్రవేశ రుసుము లేదు.

ఊరికి దక్షిణాన కొద్ది మైళ్ళ దూరంలో క్రిస్టల్ లేక్ గుహ ఉన్నది. 1868లో సీసం కోసం తవ్వుతూ గని పనివారు దీనిని కనుగొన్నారు. 1932 నుండి జనాన్ని అనుమతిస్తున్నారు. బొర్రా గుహల వలె విశాలమైన గదులు ఉండవు, ఇరుకైన దారులు ఉంటాయి. ఎండాకాలంలో కూడా లోపల 10 డిగ్రీల సెల్సియస్ చలి ఉంటుంది కాబట్టి పిల్లలకు స్వెటరు తీసుకువెళ్ళాలి.

వాస్తుశిల్పం మీద ఆసక్తి ఉన్నవారు 1850ల చివర ఈజిప్టు పద్ధతిలో కట్టిన పాత కౌంటీ జైలును బయటనుండి చూడవచ్చును. అమెరికాలో ఈ పద్ధతి కట్టడాలు అరుదు.

పరిసరాలు

పడమరగా 25 మైళ్ళ దూరంలో డయర్స్‌విల్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1989లో విడుదలైన ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్ చిత్రం కోసం అక్కడి రైతు పొలంలో మొక్కజొన్న చేను మధ్య బేస్‌బాల్ మైదానం తయారుచేశారు. చిత్రీకరణ అయిపోయినా చూడడానికి జనం రావడం మానలేదు. 2021, 2022 సంవత్సరాలలో ఆ పక్కనే కట్టిన మైదానంలో అగ్రశ్రేణి జట్లు ఆడాయి. బేస్‌బాల్ తెలియని మనవారికి ఇది ఒక పొలంగానే కనిపించవచ్చు. తండ్రులు కొడుకులతో వచ్చి బంతి విసురుకొంటూ ఉండడం చూస్తే సంగతి కొంత బోధపడుతుంది. అదే ఊరిలో ట్రాక్టరు బొమ్మల మ్యూజియం కూడా ఉన్నది. డుబ్యూక్ నుండి డయర్స్‌విల్ వరకు పాత రైలు మార్గాన్ని 26 మైళ్ళ సైకిలు బాటగా మార్చారు. పెద్దగా ఎత్తుపల్లాలు లేవు.

నదికి తూర్పున 15 మైళ్ళ దూరంలో ఇల్లినాయ్ రాష్ట్రపు గలీనా ఉన్నది. ఇది కూడా సీసం వలన వెలసిన పట్టణమే. సీసపు ఖనిజం పేరే ఊరికి పెట్టారు. అంతర్యుద్ధ సేనాని, తరువాత అధ్యక్షుడు అయిన యులిసిస్ గ్రాంట్‌కు ఊరివారు ఇచ్చిన ఇల్లు అక్కడ ఉన్నది.

ప్రయాణం, అనుకూలమైన కాలం

షికాగో నుండి సుమారు 180 మైళ్ళు, కారులో మూడు గంటలకు మించిన ప్రయాణం. ప్రయాణీకుల రైలు లేదు. షికాగో పరిసరాలలో ఉన్న తెలుగు కుటుంబాలు శనివారం ఉదయం బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరగల దూరం ఇది. మే నుండి అక్టోబరు మధ్య వరకు అన్ని ప్రదేశాలు తెరచి ఉంటాయి. అక్టోబరులో గుట్టల మీద ఆకులు రంగు మారినప్పుడు జనం ఎక్కువగా వస్తారు, బస ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. చలికాలంలో కొండ రైలు, గుహ మూసి ఉంటాయి, మ్యూజియం తెరచి ఉంటుంది. ఊరి ప్రత్యేక వంటకం టర్కీ కోడి మాంసంతో చేసిన శాండ్‌విచ్. శాకాహారులు భోజనం వెంట తీసుకువెళ్ళి ఈగిల్ పాయింట్ పార్కు మండపాలలో కూర్చొని తినడం ఉత్తమం. అక్కడ బల్లలు ఉన్నాయి, లాకు కూడా కనిపిస్తుంది.